గాలి పైకి పోయే గది

"నేనే వేశాను నాయనా. రాసుకో. ఈ చేత్తోనే వేశాను."

పెద్దావిడ కుడిచెయ్యి ఎత్తి చూపించింది. చూపించి, అరువు తెచ్చిన వస్తువును దించినంత జాగ్రత్తగా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

ఎస్సై రాసుకున్నాడు. జాడీకి వాసెన కట్టేవాళ్ళ మొహంలో ఉండే తృప్తి ఆయన మొహంలో ఉంది. స్టేషన్లో ఆయన్ని చాటుగా 'మూత' అంటారు. ఏ కేసు మీదైనా పొద్దుగూకేలోపు మూత పెట్టకపోతే ఆయనకి అన్నం సయించదు.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ డిటెక్టివ్ చేతిసంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఆ సంచీలో పెన్నుకి బదులు కరెంటు టెస్టర్ ఉంటుంది. వాళ్ళింట్లో ఫ్యాన్లు బిగించేది ఆమే. వాళ్ళాయన కింద స్టూలు పట్టుకుని సలహాలిస్తాడు.

ఆమెని ఈ ఇంటికి పిలిపించింది కోడలు. మొన్న ఆదివారం పోయిన డ్రాయింగ్ మాస్టారి భార్య. కొడుకు ప్రాణం తల్లి మతిమరుపు వల్లే పోయిందని పోలీసులు అంటుంటే, కాదని రుజువు చెయ్యమంది కోడలు. అత్తగారి మీద నిఘా పెట్టమని వచ్చిన కోడళ్ళని డిటెక్టివ్ చాలామందినే చూసింది కానీ, అత్తగారిని కాపాడమని వచ్చిన కోడల్ని చూడటం ఇదే మొదలు. అందుకే ఇంకో మాట అడక్కుండా వచ్చేసింది.

జరిగింది చెప్పాలంటే రెండు ముక్కలు. పడగ్గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. సంగతేమిటో చూద్దామని మాస్టారు స్విచ్ ఆపి, తల్లిని బోర్డు దగ్గర నిలబెట్టారు. ఆ ఇంట్లో ఎవరు కరెంటు పని చేసినా ఇంకొకరు స్విచ్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడాల్సిందే. అది మాస్టారి తండ్రి నాటి కట్టడి. తర్వాత ఆయన ఇనప స్టూలెక్కి తడిగుడ్డతో రెక్క పట్టుకున్నారు. ఇంకేం లేదు. షాక్ కొట్టింది, గుడ్డ ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను," అంది డిటెక్టివ్. "మీరు స్విచ్ వేశాక ఫ్యాను తిరిగిందా?"

పెద్దావిడ ఆలోచించింది. గుర్తు చేసుకునేవాళ్ళ ఆలోచన కాదది. ఏం చెబితే అతుకుతుందో చూసుకునేవాళ్ళ ఆలోచన.

"తిరిగింది."

"రెక్క మాస్టారి చేతికి తగిలిందా?"

"తగిలే ఉంటుంది తల్లీ."

"తగిలితే వేళ్ళు చితుకుతాయి కదమ్మా. ఆయన అరచేతిలో కాలిన మచ్చ తప్ప ఇంకో గీత లేదట. డాక్టరే చెప్పాడు."

"మేడమ్," అన్నాడు ఎస్సై, పెన్ను మూత పెడుతూ. "కన్నతల్లి, నేనే చేశానంటోంది. మీరేమో కాదు కాదంటున్నారు. వడ్డించేవాళ్ళు వద్దంటున్నా తినేవాళ్ళు కావాలన్నట్టుంది."

"తప్పు చెప్పారు. వడ్డించమని ఎవరూ అడక్కుండానే ఆవిడ విస్తరేసుకు కూర్చున్నారు. నాకదే అంతుపట్టడం లేదు."

"సాయంత్రం లోపల ఈ వాంగ్మూలం మీద ఆవిడ వేలిముద్ర పడుతుంది. అంతవరకూ మీ ముచ్చట తీర్చుకోండి. తాళం చెవి ఇదిగో."

తలుపు వెనక నిలబడ్డ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వేలిముద్ర పడితే, బతికినన్నాళ్ళూ ఈవిడ కొడుకుని చంపుకున్న తల్లి. నాలుగు రోజులుగా ఆవిడ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. బతికే నాళ్ళు కూడా ఎక్కువ ఉండేట్టు లేవు.

గది తలుపు తీయగానే మూసిపెట్టిన వాసన వచ్చింది. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. బల్ల మీద మాస్టారు సగం వేసిన బొమ్మ ఉంది, ఏదో చెయ్యి, వేళ్ళు ఇంకా వెయ్యలేదు. ఇనప స్టూలు పక్కకి పడిన చోటే పడి ఉంది. పోలీసులు ఏదీ కదపలేదు, కదిపే అవసరం వాళ్ళకి కనిపించలేదు కూడా.

"ఎప్పుడూ ఈ స్టూలే ఎక్కుతారా?" అడిగింది డిటెక్టివ్.

"లేదండీ, చెక్క స్టూలుండేది," అంది కోడలు. "మా మరిది షాపులోకి కావాలని పట్టుకెళ్ళాడు. ఇంకా ఇవ్వలేదు."

మరిదిది ముందు గదిలో మోటారు వైండింగ్ షాపు. బావుల మోటార్లు, పిండిమర మోటార్లు అక్కడికి కాలిపోయి వచ్చి, బాగై వెళతాయి. అన్నదమ్ములకి ఏడాదిగా మాటల్లేవు. ముందు గది ఖాళీ చెయ్యమని అన్న, చెయ్యనని తమ్ముడు, మధ్యలో కబుర్లు మోసే తల్లి. అన్న పోయిన రోజున తమ్ముడు ఊళ్ళోనే లేడు. బాగుచేసిన మోటారు దింపడానికి ముందురోజే పొరుగూరు వెళ్ళాడు. పదిమంది చూశారు. అందుకే ఎస్సై అతన్ని రెండో ప్రశ్న అడగలేదు.

డిటెక్టివ్ వెళ్ళి ఫ్యాను స్విచ్ వేసింది.

ఫ్యాను మూలిగి, కదిలి, వేగం అందుకుంది. మూడు రెక్కలూ కలిసి ఒక బూడిదరంగు పళ్ళెంలా అయ్యాయి. చప్పుడు బాగానే ఉంది, గాలి మాత్రం లేదు. బల్ల మీద కాగితం మూల కూడా లేవలేదు. డిటెక్టివ్ నుదుటి మీద వెంట్రుక కదల్లేదు. కప్పు మూలనున్న బూజు మాత్రం ఎవరో పైనుంచి పిలుస్తున్నట్టు పైపైకే ఊగుతోంది.

కోడలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఆఖరి రెండు రోజులూ ఇంతేనండీ. రాత్రి ఆయన లేచి కూర్చుని, గదిలో గాలినంతా ఎవరో పైకి లాగేస్తున్నట్టుంది అన్నారు. నేను నవ్వాను." ఆమె మంచం వైపు చూసింది. "నవ్వానండీ."

ఎస్సై మెడ తడుముకున్నాడు. నవ్వాలా వద్దా తేలక, గొంతు సవరించుకుని సరిపెట్టాడు.

"దెయ్యం కాదు లెండి," అంది డిటెక్టివ్, తల పైకెత్తి. "దెయ్యమైతే నా ఫీజు ఇంకొంచెం ఎక్కువ. ఎస్సైగారూ, ఇది ఎటు తిరుగుతోంది?"

"గుండ్రంగా."

"గడియారం ముల్లుతో పాటా, ఎదురుగానా?"

ఎస్సై చేతి గడియారం చూసుకుని, ఫ్యాను చూసి, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. "పాటే."

"ఏ ఇంట్లో ఫ్యానైనా కింద నుంచి చూస్తే ముల్లుకి ఎదురు తిరుగుతుంది. రెక్కల వాలు దానికి తగ్గట్టే ఉంటుంది. అప్పుడే గాలి కిందికొస్తుంది. ఇది వెనక్కి తిరుగుతోంది. అందుకే గాలి పైకి పోతోంది."

ఆమె స్విచ్ ఆపింది. రెక్కలు నిదానంగా విడిపోయి ఆగాయి. వంటింట్లోంచి చెక్క పీట తెప్పించి మంచం మీద వేసుకుని, రబ్బరు చెప్పులతోనే ఎక్కింది. ఉతికిన దుప్పటి మీద చెప్పుల కాళ్ళతో నిలబడినందుకు ఆమెకే ప్రాణం ఒప్పలేదు.

"దుమ్ము చూడండి. రెక్కకి రెండు అంచులుంటాయి. గాలిని కోసుకుంటూ ముందుకెళ్ళే అంచుకే నల్లగా మసి పడుతుంది, వెనక అంచు శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ మసి ఏ అంచుకుంది? వెనక అంచుకి. అంటే పట్టిన దుమ్మంతా ఇది సరిగ్గా తిరిగినప్పటిది. ఈ మధ్యే ఎవరో దీన్ని విప్పారు. విప్పి, లోపలి కండెన్సర్ తీగ ఒకదానికి బదులు ఇంకోదానికి కలిపారు. తిరుగుడు మారిపోయింది."

"ఆ మాస్టారే విప్పి ఉంటాడు."

"విప్పినవాడికి గాలి ఎందుకు రావట్లేదో తెలియదా? చూడ్డానికి మళ్ళీ స్టూలెక్కుతాడా?"

ఆమె టెస్టర్ మొనను ఫ్యాను రెక్కకి ఆనించింది. స్విచ్ ఆపే ఉంది. అయినా టెస్టర్‌లో చిన్న ఎర్రటి వెలుగు, చీకట్లో పిల్లి కన్నులా తెరుచుకుంది.

కోడలు సన్నగా అరిచింది.

"అత్తగారు స్విచ్ వేసినా, ఆపినా, ఆ స్విచ్‌ని ఊడబెరికి పెరట్లో పారేసినా ఒకటే," అంది డిటెక్టివ్, మొహం మారకుండా. "ఈ రెక్కలో కరెంటు ఎప్పుడూ ఉంది. స్విచ్‌కి వెళ్ళాల్సిన ఫేజు తీగ, అంటే కరెంటు తెచ్చే తీగ, తిన్నగా ఫ్యానుకొస్తోంది, కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ తీగ స్విచ్ గుండా పోతోంది. స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది కానీ కరెంటు పైనే కాచుక్కూర్చుంటుంది."

"పాత ఇల్లు. ఏ అప్రెంటిసో ఎప్పుడో అలా కలిపాడు. నేను చాలా చూశాను," అన్నాడు ఎస్సై.

"ఎప్పుడో కలిపితే, నెలనెలా ఇదే ఫ్యాను తుడిచే మనిషి ఎప్పుడో పోయేవాడు."

ఆమె గుమ్మం వైపు చూసింది. పెద్దావిడ ఎప్పుడు లేచి వచ్చిందో, కోడలి వెనక నిలబడి ఉంది. 'నీ తప్పేమీ లేదమ్మా, నువ్వు చంపలేదు' అని ఇంత స్పష్టంగా చెప్పాక ఎవరైనా కూలబడతారు, ఏడుస్తారు, కనీసం గట్టిగా ఊపిరి వదులుతారు. పెద్దావిడ పెదాలు బిగుసుకున్నాయి. కళ్ళలో ఉన్నది కోపం. దాచుకున్న పెట్టెని ఎవరో తన ముందే తెరుస్తుంటే వచ్చే కోపం.

డిటెక్టివ్ వెన్నులో చల్లగా ఏదో పాకింది. ఫ్యాను గాలి మాత్రం కాదది.

"రాడ్డు పైనున్న డొప్ప విప్పి చూడాలి," అంటూ పీట దిగింది. "మెయిన్ ఆపించాలి. కరెంటు సంగతి తెలిసినవాళ్ళెవరైనా అక్కడ నిలబడితే నాకు ధైర్యం. తమ్ముడుగారిని పిలుస్తారా?"

మరిది లుంగీ మీదే వచ్చాడు. చేతులకి వార్నిష్ మరకలు. నెమ్మదైన మనిషి, మాట కూడా నెమ్మదే. "సీలింగ్ ఫ్యాన్లు నా పని కాదు మేడమ్. వాటి వైండింగ్ వెంట్రుకలంత సన్నం, నా చేతులకి లొంగదు. మెయిన్ ఆపమంటే ఆపుతాను."

"ఆపి అక్కడే ఉండండి బాబూ. నేను చెప్పేవరకూ ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి."

"అలాగే. నాన్న పెట్టిన కట్టడే కదా," అని నవ్వి వెళ్ళాడు.

"ఎస్సైగారూ, గేటు దాకా ఒక్కసారి," అంది డిటెక్టివ్, గొంతు తగ్గించి.

గేటు దగ్గర ఆమె ఏం చెప్పిందో గానీ, తిరిగి వచ్చేటప్పటికి ఎస్సై కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

ముందు వరండాలోంచి మెయిన్ స్విచ్ ఇనప లివరు 'ఖణేల్'మంది. ఇంట్లో ఫ్రిజ్ గొణుగుడు ఆగింది. అంత చప్పుడు ఆగిపోయాక గానీ అంత చప్పుడుండేదని తెలియలేదు.

"ఆపాను మేడమ్!" అన్న కేక వినిపించింది. ఎస్సై ఫోను వచ్చినట్టు గేటు దాకా వెళ్ళొచ్చి, ఎడమచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి తియ్యకుండా నిలబడ్డాడు.

డిటెక్టివ్ మళ్ళీ పీటెక్కి, టెస్టర్ ఆనించి చూసింది. వెలుగు లేదు. డొప్ప స్క్రూ వదులు చేసి రాడ్డు మీంచి కిందికి జార్చింది. లోపల రెండు తీగలు, ఒకదాని మీద పాత నల్ల టేపు, ఇంకోదాని మీద మాత్రం కొత్తది, ఇంకా జిగురు మెరుపు పోలేదు. కొత్త టేపు కొస లేపింది. దాని కింద రాగి, గోరుతో గీసినంత శుభ్రంగా ఒలిచి, రాడ్డుకి ఆనేలా వంచి ఉంది. తెగినది కాదు, అరిగినది కాదు. తీరిగ్గా కూర్చుని ఒలిచినది.

"ఇది పైన వేలాడుతుండగా చేసిన పని కాదు," అంది మెల్లగా. గదిలోవాళ్ళకి తప్ప వినపడనంత మెల్లగా. "ఫ్యానుని దించి, నేల మీద పెట్టుకుని చేశారు. చేశాక, తిరుగుతుందో లేదో అక్కడే చూసుకున్నారు. సరిగ్గా తిరుగుతోందనే అనుకున్నారు. ఎస్సైగారూ, మీ పెన్ను తల మీద ఎత్తి గడియారం ముల్లుతో పాటు తిప్పండి. తిప్పుతూనే నడుం దాకా దించండి. ఇప్పుడు పైనుంచి చూడండి."

ఎస్సై పెన్నెత్తి తిప్పాడు. తిప్పుతూ దించాడు. గారడీ చూసిన పిల్లాడిలా నోరు తెరిచాడు. "ఎదురు తిరుగుతోందే!"

"పెన్ను అదే, తిప్పుడూ అదే. చూసే చోటు మారింది. ఫ్యానులు బిగించేవాళ్ళు ఎప్పుడూ కింద నుంచి చూస్తారు. వాళ్ళీ పొరపాటు చెయ్యరు. రాడ్డు తన వైపు పెట్టుకుని, పైనుంచి చూడటం ఎవరికి అలవాటు? మోటారుని బల్ల మీద నిలబెట్టి, షాఫ్టు వైపు నుంచే చూసేవాళ్ళకి. పుట్టి బుద్ధెరిగాక అలా తప్ప ఇంకోలా చూడనివాళ్ళకి."

కోడలు గోడ పట్టుకుంది. పోయిన శుక్రవారం తానూ మాస్టారూ తన చెల్లెలింటికి వెళ్ళి పొద్దుపోయాక వచ్చామని, ఇంట్లో అత్తగారు ఒక్కరే ఉన్నారని ఆమె నిన్ననే చెప్పింది. ఇప్పుడా సంగతి ఆమెకే మళ్ళీ కొత్తగా తెలిసినట్టుంది. మెల్లగా తల తిప్పి అత్తగారిని చూసింది.

"అత్తయ్యా?"

"ఆయిలు వేశాడంతేనే," అంది పెద్దావిడ.

మాట జారాక చెయ్యి నోటి మీదికి పోయింది కానీ, ఇక లాభం లేదని ఆవిడకీ తెలిసింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"కునుకు తీసి లేచేసరికి ఇక్కడే నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అన్నకి గాలి సరిగ్గా రావట్లేదటమ్మా, ఆయిలేస్తున్నాను, నేనని చెప్పకు, చెబితే విప్పి పారేస్తాడు అన్నాడు. నాకెంత సంతోషం వేసిందో. పైకి చెప్పుకోలేకపోయినా లోపల ప్రేమ ఉంది కదా అనుకున్నాను. ఎత్తి తగిలించేటప్పుడు కింద పట్టుకున్నది కూడా నేనే. వాడికేం తెలుసే, పొరపాటున... పొరపాటున అయి ఉంటుంది..."

"అమ్మా," అంది డిటెక్టివ్. ఆవిడ ఆగింది.

డిటెక్టివ్ రెండు చేతులూ పైకి పెట్టి, ఒలిచిన రాగిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. రెండో చెయ్యి రాడ్డు మీద వేసింది. గట్టిగా, ఇంటి ముందు దాకా వినపడేలా అరిచింది.

"తమ్ముడూ! తీగ దొరికింది! ఎవరో కావాలని ఒలిచారు! ఉత్త చేతుల్తో పట్టుకున్నాను, నేను చెప్పేదాకా వెయ్యకండి!"

వరండాలోంచి జవాబు రాలేదు.

బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగి, దూరమైంది. ఫ్యాను రెక్క ఒకటి ఆమె మోచేతికి తగిలి కొద్దిగా కదిలి, ఆగింది. పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. పిడుగు పడుతుందని ముందే తెలిసినవాళ్ళు అలా మూసుకుంటారు.

ఖణేల్.

కోడలు కెవ్వున అరిచింది. ఆ అరుపు ఇల్లంతా తిరిగి ఆగాక, ఇంకే చప్పుడూ లేదు. ఫ్రిజ్ గొణగలేదు. ఫ్యాను కదల్లేదు. డిటెక్టివ్ పీట మీద అలాగే నిలబడి ఉంది, రాగి తీగ వేళ్ళ మధ్యనే ఉంది. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఎస్సై జేబులోంచి ఎడమచెయ్యి బయటికి తీసి, పిడికిలి విప్పాడు. గేటు పక్క మీటరు పెట్టెలోంచి పీకిన తెల్ల పింగాణీ ఫ్యూజు. ఆయన చెమటకి తడిసిపోయి ఉంది.

"వేశాడు," అన్నాడు ఎస్సై, నమ్మలేనట్టు. "వెయ్యొద్దని చెప్పాక, వేశాడు."

"మీరు విన్నారుగా," అంది డిటెక్టివ్. "నాకిప్పుడు దిగడానికి చెయ్యి కావాలి."

అప్పుడు వినిపించాయి అడుగులు. వరండాలోంచి హాల్లోకి, తొందరేమీ లేకుండా వస్తున్నాయి. చూడ్డానికి వస్తున్నవాడి అడుగులు. గుమ్మం అవతల ఆగాయి. మరిది ముందు స్టూలు వైపు చూశాడు, నేల చూశాడు, ఆ తర్వాత తలెత్తి, నిలబడి ఉన్న డిటెక్టివ్‌ని చూశాడు. అతని కళ్ళలో భయం కన్నా ముందు మోటార్లు బాగుచేసేవాడి చిరాకు కనిపించింది, కనెక్షన్ ఎక్కడ తప్పిందా అన్న చిరాకు.

వెనుతిరిగాడు.

ఎస్సై ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి దూకాడు. అక్కడ పెద్దావిడ ఉంది. నాలుగు రోజులుగా తిండి లేని మనిషి, తలుపు రెక్కలు రెండూ రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా నిలబడింది. ఎస్సై భుజం తగిలి ఆవిడ ఊగిపోయింది కానీ పట్టు వదల్లేదు.

"లేమ్మా! అడ్డు లే!"

ముందు గదిలో ఏదో బోర్లా పడింది. గేటు గొళ్ళెం తీసిన చప్పుడు.

డిటెక్టివ్ పీట మీంచి మంచం మీదికి, మంచం మీంచి నేల మీదికి దూకింది. ఫ్యూజు లెక్క చూసుకుంది, లివరు లెక్క చూసుకుంది, పెద్దావిడ రెండు చేతుల లెక్క చూసుకోలేదు.

"అమ్మగారూ, వాడు మీ పెద్దవాణ్ణి చంపాడు," అంది, ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోతూ. "ఇప్పుడు నన్ను చంపబోయాడు."

బయట మోటారు సైకిలు ఒకసారి దగ్గింది. రెండోసారి అందుకుంది.

"తెలుసు తల్లీ," అంది పెద్దావిడ. వేళ్ళు ఇనప మేకుల్లా ఉన్నాయి. "కానీ నాకు మిగిలింది వాడొక్కడే."